అన్న గోలీలు, తమ్ముడి ఆపరేషన్

ఇలాంటి జ్ఞాపకాలు మామూలుగా రిటైరైనవాళ్లు రాస్తారు. నాకింకా ఆ వయసు రాలేదు. బొగ్గు గనులుండే కోల్‌బెల్ట్‌లోని ఒక కంపెనీ దవాఖానలో సర్జికల్ వార్డు ఫార్మసిస్టుగా పనిచేసి, ఇప్పుడు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్తున్నాను. వార్డు పనికి సంబంధించినంతవరకు రిటైరైనట్టే లెక్క.

అసలు రాయవలసిన మనిషి మా చీఫ్ ఫార్మసిస్టు నర్సింగరావు సారు. ఆయన రిటైరైన రోజు అడిగితే “నేను చెప్త, నువ్వు రాయి” అన్నారు. సరే చెప్పండి సార్ అంటే “ఇన్నేండ్ల సంది చెప్తనే ఉన్న గద, మల్ల ఏం చెప్పాలె” అన్నారు. అందుకే ఇందులో పనికొచ్చే మాట కనిపిస్తే సగం ఆయనదే అనుకోండి. దవాఖాన ఏదో రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం ఇది. ప్రమోషన్ల గురించి, మందులు తెప్పించే ఇండెంట్లు రాయడం గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి వారం రోజుల్లో ఎవరైనా నేర్పుతారు.

కిటికీకి ఇవతల

జనానికి ఫార్మసిస్టు అంటే ఒక కిటికీ. చీటీ లోపలికి పోతుంది, గోలీలు బయటికి వస్తాయి. మా బాపు జీవితమంతా మూడు షిఫ్టులు చేసిన మనిషి. నా ఉద్యోగాన్ని ఆయన “కూసోని చేసే డ్యూటీ” అనేవాడు. నేను రోజంతా నిలబడే ఉంటానని చెప్పినా నమ్మలేదు.

ఆపరేషన్ చుట్టూ మన పనిని మూడు ముక్కలుగా గుర్తుపెట్టుకోండి. మొదటిది, ఆపరేషన్‌కు ముందు. రోగి వాడుతున్న మందుల్లో ఏది ఆపాలి, ఎప్పుడు ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది డాక్టర్ల ముందు పెట్టాలి. రెండోది, థియేటర్. ఒకేలా కనిపించే సీసాలు పక్కపక్కన లేకుండా చూడాలి. యాంటీబయాటిక్ కోతకు ముందు గంటలోపల పడేలా చూడాలి. మూడోది, ఆ తర్వాత. నొప్పి, వాంతి, రక్తం గడ్డకట్టడం, వీటికి ఏమిస్తున్నారో చూడాలి. ఆపిన మందును మళ్లీ మొదలుపెట్టమని గుర్తు చేయాలి. ఈ చివరి దాన్ని అందరూ మరిచిపోతారు. ఆపేటప్పుడు నలుగురు ఉంటారు, మొదలుపెట్టేటప్పుడు ఎవరూ ఉండరు.

యాంటీబయాటిక్ సంగతి మీద మా సర్జన్ సారుకూ నర్సింగరావు సారుకూ కొంతకాలం మాటల్లేవు. వార్డులోనే సూది వేసి పంపడం మా దగ్గర అలవాటు. థియేటర్ ఆలస్యమైతే ఆ మందు బలం సగం దారిలోనే అయిపోయేది. దాన్ని థియేటర్ లోపల ఇద్దామని నర్సింగరావు సారు పట్టుబట్టారు. సర్జన్ సారుకు అది తన గదిలోకి ఇంకొకరు వచ్చినట్టు అనిపించింది. నర్సింగరావు సారు ఇక వాదించలేదు. రోజూ థియేటర్ తలుపు దగ్గరకు వెళ్లి, సూది వేసి ఎంతసేపైందో నర్సును అడిగి, ఏమీ అనకుండా వెనక్కి వచ్చేవారు. కొన్నాళ్లకు సర్జన్ సారే “ఆ మందు డబ్బా ఇక్కడే పెట్టించండి, ఈయన రోజూ వచ్చి నిలబడుతున్నాడు” అన్నారు. నా అభిప్రాయం ఏమిటంటే, ఈ ఉద్యోగంలో గెలవడం అంటే ఇంతే. చప్పట్లు ఉండవు.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది పోశం సంగతి.

మూడు గోలీల మనిషి

పోశం భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా ఆపు పెట్టే పని చేసేవాడు. బరువులెత్తీ ఎత్తీ గజ్జలో హెర్నియా వచ్చింది. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని, జల్ది ఆపరేషన్ చేయించుకోమని సర్జన్ సారు చెప్పారు. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు వార్డులో చేరాడు. తోడుగా అతని అన్న రాజయ్య వచ్చాడు. ఆయన మంథని దారిలోని వాళ్ల ఊళ్లోనే ఉంటాడు, వ్యవసాయం.

పోశం కంపెనీ మందుల కార్డులో బీపీకి మూడు గోలీలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎటెనోలాల్. దాని గురించి రెండు మాటలు ఇక్కడే చెప్తాను, తర్వాత జరిగినదంతా వాటి మీదే నిలబడింది. ఏళ్లుగా వాడుతున్నవాళ్లకు దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు, ఆపరేషన్ రోజు కూడా ఇవ్వాలి. ఆపితే బీపీ, గుండె వేగం ఎగిసిపడతాయి. ఎన్నడూ వాడనివాళ్లకు ఆపరేషన్ ముందు దాన్ని కొత్తగా మొదలుపెట్టకూడదు. పెడితే రెండూ పడిపోతాయి, మత్తు ఇచ్చాక ఇంకా పడతాయి.

నేను మంచం పక్కన నిలబడి ఏ గోలీ ఎప్పుడు వేసుకుంటావని పోశాన్ని అడిగాను. అతను తల గోక్కున్నాడు. జవాబు రాజయ్య చెప్పాడు. “తెల్లది పొద్దుగాల చాయ్ తాగినంక. ఈ రెండు మాపటికి, బువ్వ తిన్నంక.”

వార్డు నర్సు సరోజక్క నవ్వింది. “ఏంది పోశం, నీ గోలీల సంగతి నీకంటె మీ అన్నకే ఎక్కువ ఎరుకున్నది?”

“నాకు యాదుండది అక్కా, అన్ని ఆయనే సూస్తడు” అన్నాడు పోశం. ఎంత మంచి అన్న అనుకున్నాను.

వార్డులో ఒక నియమం ఉంది. ఇంటి నుంచి తెచ్చిన మందులన్నీ నర్సుకు అప్పగించాలి. లేకపోతే అక్క ఇచ్చిన గోలీ ఒకటి, సంచిలోది ఒకటి, రెండూ మింగేస్తారు. మంచి నియమమే, నేను ఇప్పటికీ దాని పక్షమే. రాజయ్య ప్లాస్టిక్ సంచిని వెంటనే ఇవ్వలేదు. చేతిలో పట్టుకుని “అన్నీ ఇయ్యాల్నా?” అని అడిగాడు. అన్నీ ఇవ్వాలని, ఇంటికి పోయేటప్పుడు తిరిగి ఇస్తామని అక్క చెప్పింది. సంచి సొరుగులోకి పోయింది.

చేరినప్పుడు పోశం బీపీ బాగానే ఉంది. మూడు గోలీలతో అదుపులో ఉందని రాసుకున్నాం. డాక్టర్లు, నర్సులు, నేను, అందరం ఆ అంకె చూసి సంతోషపడ్డాం. అక్కడ ఒక ప్రశ్న ఉందని ఎవరికీ తోచలేదు.

ట్రాలీ ఆగిన ఉదయం

మరునాడు సాయంత్రం పోశం బాత్రూముకు పోతూ గోడ పట్టుకున్నాడు. కళ్లు తిరిగాయన్నాడు. ఆపరేషన్ కోసం తిండి తగ్గించాం కదా, అందుకే అనుకున్నారు. ఆపరేషన్ రోజు పొద్దున గుక్కెడు నీళ్లతో ఎటెనోలాల్ ఇచ్చారు. కార్డులో ఉన్నదాని ప్రకారం అదే సరైన పని.

ట్రాలీ ఎక్కించాక సరోజక్క నాడి పట్టుకుని, మళ్లీ పట్టుకుని, ట్రాలీని కదలనివ్వలేదు. నాడి మెల్లగా కొడుతోంది, బీపీ బాగా తక్కువ. మత్తు డాక్టరు సుమతి మేడం థియేటర్ నుంచి వార్డుకే వచ్చారు. కాళ్లు ఎత్తి పెట్టించి, సెలైన్ ఎక్కించి, నన్ను పిలిచారు.

“మూడు గోలీలు ఏండ్ల సంది వాడే మనిషికి ఇయ్యాల్నే గిట్లెందుకు అయితది? లెక్క కుదుర్తలేదు. నువ్వు మందుల సంగతి చూడు, నేను మనిషిని చూస్త.”

నేను నా పద్ధతిలో ఒక్కొక్కటి కొట్టేస్తూ వచ్చాను. వేరే గోలీ ఇచ్చారా? లేదు. బలం ఎక్కువదా? కాదు. రెండుసార్లు పడిందా? పడలేదు. మా వైపు అంతా సరిగ్గా ఉంది. ఇక మిగిలింది రోగి వైపు. ఇంట్లో ఏదైనా అదనంగా మింగాడేమో అడుగుదామని రాజయ్య కోసం వరండాలోకి వెళ్లాను.

ఆయన బెంచీ మీద గోడకు ఆనుకుని, తువ్వాలను నుదుటికి గట్టిగా కట్టుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమైంది కాకా అని అడిగాను.

“తల పల్గుతున్నది బిడ్డా. నిన్నటి సంది.”

“ఏమన్న గోలీ ఏసుకున్నవా?”

“నా గోలీలు మీ తాన్నే ఉన్నయ్ గద.”

ఆ మాట అన్నాక ఆయనకు తెలిసింది ఏమన్నాడో. తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నా చేయి పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు. “మా తమ్మున్ని ఏమనకుండ్రి. వాని నౌకరికి ఏమన్న అయితది.”

మిగతాది ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు, నేను వరుసలో రాస్తున్నాను. ఓపెన్‌కాస్ట్ గని కింద వాళ్ల భూమి పోయినప్పుడు ఇంటికి ఒక్క ఉద్యోగం వచ్చింది. పెద్దవాడు కాబట్టి రాజయ్యకు రావాలి. బొగ్గు బాయిలోకి దిగడమంటే తనకు భయమని చెప్పి తమ్ముడి పేరు రాయించాడు. భయం అబద్ధం. పోశానికి అప్పటికి పెళ్లి కాలేదు, ఉద్యోగం లేదని ఎవరూ పిల్లనివ్వడం లేదు. ఏళ్ల తర్వాత రాజయ్యకు బీపీ వచ్చింది. కంపెనీ దవాఖానలో ఉద్యోగికి, భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు మందులు వస్తాయి. అన్నకు రావు. పోశానికి ఒకసారి నైట్ షిఫ్ట్ దిగి వచ్చినప్పుడు బీపీ కొంచెం ఎక్కువ కనిపించి ఒక గోలీ రాశారు. దాన్ని తీసుకెళ్లి అన్నకు ఇచ్చాడు. అన్నకు తల తిరిగితే తమ్ముడు డిస్పెన్సరీకి వచ్చి తనకు తల తిరుగుతోందనేవాడు. అన్న పాదాలు వాస్తే తన పాదాలు వాచాయనేవాడు. డాక్టరు చూసి వాపేదీ అంటే “పొద్దుగాల ఉంటది సార్, బస్సెక్కేసరికి పోతది” అనేవాడట. అలా ఒక గోలీ మూడైంది.

అంటే పోశం వాటిలో ఒక్కటీ ఎన్నడూ మింగలేదు. వార్డుకు వచ్చాకే, మా చేతుల మీదుగా, మూడూ ఒక్కసారిగా మొదలయ్యాయి. రోజూ మింగే మనిషికేమో మా చేతుల మీదుగానే ఆగిపోయాయి. లోపల ఒకరికి బీపీ పడిపోతోంది, బయట ఒకరికి ఎగిసిపోతోంది.

ఎవరివి

సరోజక్క బెంచీ దగ్గరే రాజయ్య బీపీ చూసింది. పైఅంకె రెండు వందలకు దగ్గరగా ఉంది. నేను లోపలికి వెళ్లి సుమతి మేడంకు చెప్పాను. ఆమె నా మాట మీదే ఆగలేదు, ఆగకూడదు కూడా. పోశం తల దగ్గరకు వెళ్లి నేరుగా అడిగారు, ఆ గోలీలు నువ్వు వాడేవేనా అని. “నావే మేడం” అన్నాడు. కార్డు కూడా చూపించబోయాడు.

“పోశం, నీ వీపుల మత్తు సూది పెడ్తే నీ బీపీ ఇంకా పడ్తది. గోలీలు అలవాటున్న మనిషికి ఒక తీరు, లేని మనిషికి ఒక తీరు. నీకు ఏ తీరు చెయ్యాల్నో నువ్వే చెప్పాలె.”

అతను పైకప్పు వైపు చూశాడు. అబద్ధం చెప్తే ఆపరేషన్ బల్ల మీద ఏమవుతుందో ఆమె చెప్పారు. నిజం చెప్తే ఉద్యోగానికి ఏమవుతుందో, అన్న గోలీలకు ఏమవుతుందో అతనికి తెలుసు. నాకు అప్పుడు తోచింది ఒక్కటే. మీ అన్న బయట తల పట్టుకుని కూర్చున్నాడని, ఆయన బీపీ ఎంత ఉందో చెప్పాను.

పోశం ట్రాలీ మీద లేవబోయాడు. అక్క భుజం పట్టి ఆపింది.

“నా ఆపరేషన్ ఇడ్సిపెట్టుండ్రి సార్” అన్నాడు. “ముందుగాల ఆయనకు గోలీ ఇయ్యుండ్రి.”

అదే జవాబు. మేడం ఇంకేమీ అడగలేదు. ఆపరేషన్ వాయిదా వేశారు. రాజయ్యను ఎమర్జెన్సీకి పంపమన్నారు. కంపెనీ మనిషి కాడని ఎవరో నసిగితే “ఎమర్జెన్సీల కార్డు అడుగుడు నేనెక్కడ చదువలేదు” అన్నారు. అక్కడి డాక్టరు ఆయన్ను పరీక్షించి, ఆయన గోలీలు ఆయనకు మొదలుపెట్టి, సాయంత్రం దాకా పడుకోబెట్టారు. పోశం నాడి మధ్యాహ్నానికి దారిలో పడింది.

రిపోర్టు రాయని కారణం

నర్సింగరావు సారుకు చెప్పినప్పుడు మొదట కోపం వచ్చింది. కంపెనీ మందులు ఊరంతా పంచుతారా అని వార్డులోనే గట్టిగా అన్నారు. పోశం దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. సారు స్టోర్ రూములోకి వెళ్లి కాసేపు అటూ ఇటూ తిరిగారు. రిపోర్టు రాయాలా సార్ అని అడిగాను.

“రాస్తే ఏమైతది? రేపటి సంది ఒక్కడన్న నిజం చెప్తడా నీకు? ఇంకో పోశం వస్తడు, నావే అంటడు, బల్ల మీదికి పోతడు.”

అలాగని వదిలేయలేదు. డాక్టరుతో మాట్లాడి పోశం కార్డులో ఆ మూడు మందులూ అదే రోజు ఆపించారు. ఇక ఒక్క గోలీ కూడా ఆ పేరు మీద పోదని పోశానికి ముఖం మీదే చెప్పారు. తర్వాత ఫోన్ తీసి, రాజయ్య ఊరికి దగ్గరి సర్కారు దవాఖానలో పనిచేసే తన పాత స్నేహితుడికి చేశారు. అక్కడ బీపీ మందులు ప్రతి నెలా ఉచితంగానే ఇస్తారు. రాజయ్యకు ఆ సంగతి తెలుసు. ఎందుకు పోలేదని అడిగితే, తమ్ముడు తెస్తున్నాడు కదా, వద్దంటే వాడు బాధపడతాడని అన్నాడు. తమ్ముణ్ని అడిగితే, అన్నకు నేను చేసేది ఇదొక్కటే కదా సార్ అన్నాడు.

ఈ ముక్క నేను కాలేజీలో చదువుకోలేదు. వాళ్లిద్దరి మధ్య ఆ గోలీలు ఉత్త మందులు కావు. ఊరికే ఆపేస్తే వాళ్లు ఇంకో దారి వెతుకుతారు. అందుకే పోశానికి ఒక పని అప్పగించాను. గోలీలు తీసుకుపోవద్దు, అన్నను తీసుకుపో. నెలకోసారి బండి మీద సర్కారు దవాఖానకు తీసుకెళ్లి, బీపీ చూపించి, ఆయన మందులు ఆయనకు ఇప్పించు. అతను ఆలోచించి “గా పని అయితది” అన్నాడు.

పోశాన్ని కొన్ని రోజులు గోలీలు లేకుండా చూశారు. బీపీ కాస్త అటూ ఇటూగా ఉంది. ఉప్పు, బీడీ తగ్గించమన్నారు. తర్వాత ఆపరేషన్ జరిగింది, ఏ ఇబ్బందీ రాలేదు. రాజయ్య మళ్లీ తోడుగా వచ్చాడు. ఈసారి ఆయన సంచి ఆయన దగ్గరే ఉంది. సరోజక్క ఊరుకోలేదు. “చూసుకో పెద్దయ్యా, మల్ల ఎవరన్న గుంజుకుంటరు” అంది.

ప్రశ్న మార్చండి

ఇందులో అబద్ధమాడిన రోగిని తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. నేను అలా చూడను. “ఏం మందులు వాడుతున్నావు?” అని మనం అడిగితే, మన దగ్గరి మనిషి కార్డులో ఉన్నది చెప్తాడు. కార్డే అతని హక్కు. హక్కును ఎవరూ తగ్గించి చెప్పరు. కిటికీ దాటిన గోలీ ఎవరి నోట్లోకి పోయిందో కార్డుకు తెలియదు. ఆపరేషన్ బల్ల మీద తేలేది ఆ తేడానే.

ఆ తర్వాత నేను అడిగే తీరు మార్చాను. నిన్న ఈ గోలీ ఎప్పుడు మింగావు, దేనితో మింగావు అని అడుగుతాను. మింగేవాడికి జవాబు వెంటనే వస్తుంది. ఇంట్లో ఇవే గోలీలు ఇంకెవరు వేసుకుంటారని అడుగుతాను. చివరిది అన్నిటికంటే పనికొచ్చింది. ఈ సంచి మేము పెట్టుకుంటే ఇంటి దగ్గర ఎవరికైనా తక్కువ పడతాయా? ముఖం మామూలుగా పెట్టి, చాయ్ తాగావా అన్నట్టు అడగాలి. పోలీసు గొంతుతో అడిగితే ఏమీ రాదు. బెల్లంపల్లి నుంచి పిత్తాశయం ఆపరేషన్‌కు వచ్చిన ఒక అవ్వ ఈ ప్రశ్నకు నవ్వి, “షుగర్ గోలీలు సగం మా వియ్యపురాలికి పోతయి బిడ్డా, మొత్తం నాకిస్తవా ఏంది?” అంది. ఆ నవ్వుతో ఆమెకు సగం మోతాదే అలవాటని తెలిసింది. డాక్టరు దాన్ని బట్టే రాశారు.

మీకు చదువు సరిపోదేమోనని భయపడకండి. మందుల పుస్తకం మీకు నాకంటే కొత్తగా గుర్తుంటుంది. డాక్టరు ముందు గొంతు పెగలదేమోనని కూడా భయపడకండి. మనిషి బాగుండాలని కోరే డాక్టరు ఎవరైనా మీరు తెచ్చిన సంగతి వింటారు, ఆలస్యంగానైనా వింటారు. రోగి పక్కన స్టూలు వేసుకుని కూర్చునే ఓపిక ఒక్కటి తక్కువ కాకుండా చూసుకోండి. ఈ పని నేను బాగా చేశాను. మీరు ఇంకా బాగా చేయవచ్చు.

నా చివరి రోజున పోశం వార్డుకు వచ్చాడు. అంతకుముందు రోజు అన్నను సర్కారు దవాఖానకు తీసుకెళ్లాడట, బీపీ బాగుందని కాగితం చూపించాడు. దారిలో బండి ఎవరు నడపాలో ఇద్దరికీ పంచాయితీ అయిందని, చివరికి అన్నే నడిపాడని చెప్పాడు. వెళ్లబోతూ ఆగాడు.

“సార్, మా అన్న ఒకటి అడుగుమన్నడు. మీ జాగల వచ్చేటాయన గూడ అడుగుతడా, లేకుంటె కార్డు సూసి రాసుకుంటడా?”

అడుగుతాడని చెప్పాను. మీ తరఫున మాటిచ్చాను.